చివరి పాట ఎవరిది?

మా పెదనాన్న పోయిన రోజు తెల్లవారకముందే మైకు సెట్టు వచ్చింది. షామియానా ఇంకా కట్టలేదు. ఫ్రీజర్ పెట్టె ఇంకా దారిలోనే ఉంది. మైకు కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కగానే ఘంటసాల గొంతులో భగవద్గీత మొదలైంది. ఐదు నిమిషాలు కాలేదు, వీధి చివరింటావిడ కొంగు సర్దుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి "ఎవరమ్మా?" అని అడిగింది. ఆమెకు ఎవరూ కబురు పెట్టలేదు. ఆ గొంతే పెట్టింది.

పది గంటలకు, చుట్టాలు ఒక్కొక్కరే దిగుతుండగా, అన్నయ్య లోపలి గదిలోంచి ఒక క్యాసెట్ పట్టుకొచ్చాడు. అరవై నిమిషాల క్యాసెట్. దాని డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం, కాగితం మీద పెదనాన్న దస్తూరీ. వరుస నంబరు, పాట, సినిమా పేరు, పక్కన పాడినవారి పేరు. 1980ల్లో రికార్డింగ్ షాపుకు వెళ్లి, కావలసిన పాటల చీటీ ఇచ్చి, నాలుగు రోజులు ఆగి క్యాసెట్ తెచ్చుకున్న తరం ఆయనది. ఒక వైపు ముప్ఫై నిమిషాలే పడుతుంది కాబట్టి ఏ పాట ఉంచాలో, ఏది తీసేయాలో ఆలోచించి రాసిన చీటీ అది. రెండు పాటలు కొట్టేసి, వాటి పైన వేరే రెండు రాశాడు.

"ఇవి వేద్దాం" అన్నాడు అన్నయ్య.

"చావింట్లో సినిమా పాటలేమిట్రా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు బాబాయి.

పెద్దమ్మ ఏమీ అనలేదు. కాగితం చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చుంది.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన ఈ చిన్న తగువు చాలా ఇళ్లలో జరుగుతుంది. పోయినవారి ముందు ఏ పాట వినిపించాలి? ఏడుపు పాటా, దేవుడి పాటా, వారికి ఇష్టమైన పాటా? దీనికి ఆచారం ఒక జవాబు చెబుతుంది. మెదడును, జ్ఞాపకాన్ని, శోకాన్ని పరిశీలించినవారు కూడా కొంత చెప్పగలరు. వారికి తెలిసినదేమిటో ఈ అధ్యాయంలో చూద్దాం.

గీతకు చావు ఎలా అంటుకుంది?

ముందు ఆ గొంతు సంగతి. ఘంటసాల వెంకటేశ్వరరావు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. భగవద్గీత రికార్డు ఆయన జీవితపు చివరి దశలో చేసిన పని. అందులో ఉన్నది చావు గురించిన విలాపం కాదు. యుద్ధభూమిలో చేతులు వణికి, విల్లు జారవిడిచి కూలబడిన మనిషిని లేచి నిలబడమని, తన పని తాను చేయమని చెప్పే మాట. వింటున్న అర్జునుడు బతికి ఉన్నవాడు. అయినా ఇవాళ ఏ తెలుగు ఊళ్లోనైనా మధ్యాహ్నం పూట మైకులో అది వినిపిస్తే "ఎవరు పోయారో" అన్న మాటే ముందు నోటికి వస్తుంది. ఇంట్లో పొద్దున్నే భక్తిగా పెట్టుకుందామన్నా "అశుభం, ఆపు" అనే పెద్దలున్నారు.

ఆ గానంలో దుఃఖం ఏ స్వరంలో ఉంది? ఏ స్వరంలోనూ లేదు. చావింటి ముందు అది పదేపదే మోగింది, మన చెవి ఆ రెంటినీ ముడివేసుకుంది. రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒకే శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు తిండి లేకపోయినా ఆ శబ్దానికే వాటి నోట్లో నీరూరేది. రెండు సంగతులు మళ్లీ మళ్లీ జంటగా వస్తే మెదడు వాటిని ఒకటిగా కట్టేస్తుంది. ఘంటసాల గీత విషయంలో ఈ పని ఒక కుక్కకో ఒక మనిషికో కాదు, మొత్తం ఒక భాష మాట్లాడే జనానికి జరిగింది.

ఇందులో ఆశ కలిగించే సంగతి కూడా ఉంది. చావు అంటుకున్నట్టే పాటకు ప్రేమా అంటుకుంటుంది. పెళ్లిచూపుల నాడు పక్కింటి రేడియోలో వినిపించిన పాట, బిడ్డను ఉయ్యాల్లో వేసి పాడిన పాట, సైకిల్ మీద సినిమాకు వెళ్లి వస్తూ దారంతా పాడుకున్న పాట, ఇవన్నీ ఆ మనిషికి ఆ క్షణాలతో కలిసే ఉంటాయి. పాటలో ఉన్న అర్థం వేరు, పాటకు అంటుకున్న అర్థం వేరు. వీడ్కోలు వేళ పనిచేసేది ఎక్కువగా రెండోదే.

ఒకరి పాట ఇంకొకరికి మామూలు పాట

కెనడాలోని మాంట్రియల్ నగరంలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోరే 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరికి తమకు బాగా ఇష్టమైన సంగీతం వింటుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆ క్షణంలో మెదడులో ఏం జరుగుతోందో చూడాలనుకున్నారు. ఏ పాట వినిపించాలి? అందరినీ కదిలించే పాట ఒకటి ఎంచుకోవడం కుదరదు. అందుకని ఎవరి పాట వారినే తెచ్చుకోమన్నారు.

మరి పోల్చి చూడటానికి మామూలు పాట ఏది? అక్కడ వారు చేసిన ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. ఒకరు తెచ్చుకున్న పాటనే ఇంకొకరికి మామూలు పాటగా వినిపించారు. ఒకరికి ఒళ్లు పులకరించిన పాటే పక్కవారికి సాదాగా గడిచిపోయింది. పాట మారలేదు, వినే మనిషి మారాడు. ఇష్టమైన పాట విన్నప్పుడు మెదడులో ఆనందానికీ కోరికకూ సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. ఆకలి వేసినప్పుడు అన్నం దొరికితే స్పందించే భాగాలే అవి.

పదేళ్ల తర్వాత, 2011లో, అదే విశ్వవిద్యాలయం నుంచి వలోరీ సలింపూర్, జటోరే, వారి సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇష్టమైన సంగీతం వింటున్నప్పుడు డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని చూపించారు. అది రెండు చోట్ల, రెండు వేళల్లో విడుదలవుతుంది. మనకిష్టమైన చరణం ఇప్పుడు వస్తుందని ఎదురుచూసేటప్పుడు ఒకచోట, అది వచ్చి మనసు నిండినప్పుడు ఇంకోచోట. తెలిసిన పాటను వందోసారి విన్నా ఎందుకు విసుగు పుట్టదో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. ఏం వస్తుందో తెలిసి ఎదురుచూడటమే అందులో సగం సుఖం.

మా అన్నయ్య చేతిలో ఉన్న చీటీకి ఇప్పుడు వేరే విలువ వస్తుంది. అది పాటల జాబితా మాత్రమే కాదు. ఒక మనిషి మనసు ఎక్కడెక్కడ పులకరించిందో ఆయనే స్వయంగా గుర్తులు పెట్టుకున్న కాగితం.

పదిహేనేళ్ల చెవి

ఆ చీటీలో నాకు ఇంకో సంగతి కనిపించింది. పెదనాన్న పుట్టింది 1942లో. చీటీ రాసేనాటికి ఆయనకు నలభై దాటింది. 'శంకరాభరణం' వచ్చి ఊరూవాడా మోగిన కాలం అది. కానీ ఆయన రాసుకున్న సినిమాలు దాదాపు అన్నీ పాతవి. 'దేవదాసు' 1953లో వచ్చింది, అప్పుడు ఆయనకు పదకొండు. 'మిస్సమ్మ' 1955, పదమూడు. 'మాయాబజార్' 1957, పదిహేను. 'జగదేకవీరుని కథ' 1961, పందొమ్మిది. 'మూగమనసులు' 1964, ఇరవై రెండు. ఆ తర్వాతి కాలం నుంచి చీటీలోకి ఎక్కినవి రెండో మూడో.

ఇది పెదనాన్న ఒక్కడి సంగతి కాదు. పెద్ద వయసువారిని జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవే ఎక్కువగా చెబుతారు. వయసు వారీగా గీత గీస్తే అక్కడ మూపురంలా లేస్తుంది. పాటల విషయంలో ఆ మూపురం టీనేజీ చుట్టూ ఉంటుంది. కారణాలు రెండు మూడు చెబుతారు. ఆ వయసులో మెదడు ఇంకా ఎదుగుతోంది, అనుభూతుల పదును ఎక్కువ. మొదటి స్నేహం, మొదటి ప్రేమ, మొదటి జీతం, ఇల్లు వదిలి వెళ్లిన మొదటి రోజు, అన్నీ అప్పుడే వస్తాయి. "నేను ఫలానా మనిషిని" అని మనకు మనం చెప్పుకోవడం మొదలుపెట్టేదీ అప్పుడే. ఆ కాలంలో చెవిన పడిన పాట ఆ మనిషి నిర్మాణంలో ఒక ఇటుక అవుతుంది.

కాబట్టి ఇంట్లో పెద్దవారికి ఏ పాటలు ఇష్టమో తెలియకపోతే లెక్క ఒకటి ఉంది. వారు పుట్టిన ఏడాదికి పదిహేను కలపండి. 1965లో పుట్టినవారికి 1980 వస్తుంది, 'శంకరాభరణం' విడుదలైన ఏడాది. దానికి ఐదారేళ్లు అటూ ఇటూ వచ్చిన సినిమాలు, రేడియోలో వినిపించిన లలిత గీతాలు, గుళ్లోనో చర్చిలోనో పాడిన పాటలు వెతకండి. అన్నిసార్లూ గురి కుదరదు కానీ, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రమ్‌హాన్సల్, ఆమె సహ పరిశోధకుడు జస్టిన్ జుప్నిక్‌తో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. ఇరవై ఏళ్ల విద్యార్థులకు 1955 నుంచి 2009 దాకా జనాదరణ పొందిన పాటలు వినిపించి, ఏవి తెలుసో, ఏవి మనసుకు పట్టాయో అడిగారు. వారి సొంత కాలపు పాటలు బాగా తెలుసు, అందులో వింత లేదు. కానీ 1980ల మొదట్లో వచ్చిన పాటల దగ్గర ఇంకో చిన్న మూపురం కనిపించింది. అవి వారి తల్లిదండ్రుల యవ్వన కాలపు పాటలు. 1960ల దగ్గర కూడా ఒకటి కనిపించింది. అది తాతల కాలం కావచ్చునని పరిశోధకుల ఊహ.

ఆ పిల్లలు పుట్టకముందు వచ్చిన పాటలు వారికి అంత దగ్గరగా ఎలా వచ్చాయి? ఇంట్లో వినిపించబట్టి. నాన్న గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తుంటే, అమ్మ వంట చేస్తూ రేడియో పెడితే, పిల్లల చెవిలో అది పడుతుంది. పొలం కాగితాల మీద పేరు మార్చినట్టు ఎవరూ రాసివ్వని ఆస్తి ఇది. ఇవాళ ఇంట్లో నలుగురూ నాలుగు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు లోకాల్లో కూర్చుంటే ఈ ఆస్తి చేతులు మారదు. ఒకరి పాట ఇంకొకరికి వినపడాలి.

నుదుటి వెనక ఒక చోటు

పాట వినగానే పాత సంగతి కళ్లముందు కట్టడం అందరికీ అనుభవమే. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీటర్ జనాటా అనే పరిశోధకుడు 2009లో ఇది మెదడులో ఎక్కడ జరుగుతుందో చూశాడు. ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వారు విని ఉండదగ్గ పాటల ముక్కలు కొందరు విద్యార్థులకు వినిపించి, ఏ పాట ఏ జ్ఞాపకాన్ని లేపిందో అడిగి, మెదడును స్కాన్ చేశాడు. జ్ఞాపకం ఎంత బలంగా లేస్తే, నుదుటి వెనక మధ్యభాగంలో అంత చురుకుదనం కనిపించింది. పాట స్వరాన్ని అనుసరించే పనీ, సొంత జీవితాన్ని గుర్తుచేసుకునే పనీ అక్కడ కలుస్తున్నాయని ఆయన అన్నాడు. అల్జీమర్స్ జబ్బులో మెదడు కుంచించుకుపోయేటప్పుడు ఆ భాగం ఆలస్యంగా దెబ్బతినే వాటిలో ఒకటి.

2015లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఇదే దారిలో ఇంకో ఆధారం చూపారు. బాగా పాత పాటలను గుర్తుపట్టే మెదడు భాగాలను ముందు ఆరోగ్యవంతుల్లో గుర్తించి, తర్వాత అల్జీమర్స్ రోగుల్లో అవే భాగాలను చూశారు. మిగతా చోట్లతో పోలిస్తే అవి తక్కువ నష్టపోయాయి. కొడుకు పేరు మరిచిపోయిన తల్లి చిన్ననాటి కీర్తన చరణం పొల్లుపోకుండా పాడటం వెనుక ఉన్నది ఇలాంటి కారణమే కావచ్చు. ఇది జబ్బుకు మందు కాదు. కానీ మాటల తలుపులన్నీ మూసుకున్నాక కూడా పాట తలుపు కొంతకాలం తెరిచి ఉంటుంది. దాన్ని తట్టాలంటే అది ఏ పాటో మనకు ముందే తెలిసి ఉండాలి.

దింపుడు కళ్లం దగ్గర

మన ఊళ్లలో శవయాత్ర శ్మశానం చేరేముందు ఒకచోట పాడెను కిందికి దింపుతారు. దాన్నే దింపుడు కళ్లం అంటాం. దగ్గరివారు వంగి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఒకవేళ ఇంకా ప్రాణం ఉందేమో, పిలిస్తే పలుకుతారేమో అని. "దింపుడు కళ్లం ఆశ" అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. చూపు, మాట, కదలిక అన్నీ పోయినా చెవి ఒక్కటి చివరిదాకా తెరిచి ఉంటుందన్న నమ్మకం ఆ పిలుపులో ఉంది. ప్రాణం పోతున్న మనిషి చెవిలో నారాయణ నామం చెప్పడంలోనూ ఆ నమ్మకమే ఉంది.

చనిపోయినవారికి వినపడదు. కానీ చనిపోబోతున్నవారికి? కెనడాలోని వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అంత్యదశ రోగులను చూసుకునే ఆశ్రమంలో, రోగుల, కుటుంబాల అనుమతితో, తలకు సెన్సర్లు పెట్టి కొన్ని స్వరాల వరుసలు వినిపించారు. వరుస మధ్యలో ఉన్నట్టుండి స్వరం మారుతుంది. మారినప్పుడు మెదడు తరంగంలో ఒక గుర్తు కనిపిస్తుంది. స్పృహ లేని స్థితిలో, మరణానికి దగ్గరగా ఉన్న కొందరు రోగుల్లో కూడా ఆ గుర్తు కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న యువకుల మెదడు స్పందించినట్టే వారి మెదడూ స్పందించింది.

ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి. శబ్దం మెదడుకు చేరిందని దీని అర్థం. ఆ మనిషి గొంతు గుర్తుపట్టారనో, మాట అర్థమైందనో ఇది రుజువు చేయదు. అందరిలోనూ ఆ స్పందన కనిపించలేదు కూడా. అయినా ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నవారికి ఇంత తెలిస్తే చాలు. పలకడం లేదని మాట్లాడటం మానకండి. ఇష్టమైన పాట ఉంటే చిన్న సౌండుతో చెవి దగ్గర పెట్టండి. వీడ్కోలు పాటకు మేలైన వేళ దహనం రోజు కాదు, అంతకు ముందరి రాత్రి.

ఏడుపు రాగమైన చోట

ఇప్పటిదాకా పోయేవారి సంగతి చెప్పుకున్నాం. మిగిలినవారికి పాట ఏం చేస్తుంది?

మన ఆడవాళ్లు శవం మీద పడి రాగం తీసి ఏడవడం చూడండి. శోకాలు పెట్టడం అంటాం. "ఓ నాయనో" అని ఎత్తుకున్న గొంతు పైన మొదలై మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. చివరి అచ్చు సాగుతుంది, మధ్యలో గొంతు జీరపోతుంది, ఊపిరి లోపలికి లాగేటప్పుడు కూడా శబ్దం వస్తుంది. ఒక్కో దిగుడులో ఒక్కో సంగతి ఉంటుంది: నువ్వు కట్టిన ఇల్లు, నువ్వు పెంచిన గేదె, నువ్వు చేస్తానన్న పెళ్లి. చదువుకున్న ఇళ్లలో దీన్ని మోటుగా చూస్తున్నారు. ఇందులో ఉన్న కళనూ, మనిషిని నిలబెట్టే శక్తినీ వారు గమనించడం లేదు.

గ్రెగ్ అర్బన్ అనే మానవశాస్త్రజ్ఞుడు బ్రెజిల్ ఆదివాసుల శోకాలను పరిశీలించి 1988లో ఒక వ్యాసం రాశారు. గొంతు పగలడం, శబ్దంతో ఊపిరి తీయడం, గొంతు జీరపోవడం, అచ్చులను సన్నని కీచుగొంతులో సాగదీయడం, ఈ ఏడుపు గుర్తులు వేర్వేరు తెగల శోకాల్లో మళ్లీ మళ్లీ కనిపించాయి. పాపువా న్యూగినీ అడవుల్లో కలూలి ప్రజల మధ్య ఉండి పరిశోధన చేసిన స్టీవెన్ ఫెల్డ్, అక్కడి ఆడవాళ్ల ఏడుపు ఒక అడవి పావురం కూతలా పైనుంచి కిందికి దిగే కొద్ది స్వరాల మీద నడుస్తుందనీ, ఏడుస్తూ ఏడుస్తూ అది పాటగా మారుతుందనీ తన పుస్తకంలో రాశారు. మన ఊరి శోకానికీ వాటికీ చుట్టరికం లేదు. మనిషి గొంతు ఒకటే, దుఃఖం గొంతును వంచే తీరూ చాలావరకు ఒకటే.

ఒంటరి ఏడుపుకు రాగం దొరికితే పక్కవారు అందుకోగలుగుతారు. అక్కడే ఓదార్పు మొదలవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ బృందం 2012లో దీనికి దగ్గరి ప్రయోగం చేసింది. కలిసి పాడినవారు, డప్పు వాయించినవారు, ఆడినవారు ఆ తర్వాత నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. ఊరికే కూర్చుని విన్నవారిలో ఆ మార్పు లేదు. మెదడు తనకు తాను తయారుచేసుకునే నొప్పి నివారకాలు, ఎండార్ఫిన్లు, విడుదలైనందుకు ఇది గుర్తని వారి అభిప్రాయం. లండన్‌లో ఒక గాన బృందం మీద తర్వాత జరిగిన పరిశీలనలోనూ కలిసి పాడాక నొప్పిని ఓర్చుకునే శక్తి, ఒకరికొకరు దగ్గరైన భావన పెరిగాయి. రాత్రంతా శవం పక్కన తత్వాలు పాడే భజన బృందం, సమాధి దగ్గర అందరూ కలిసి క్రైస్తవ కీర్తన ఎత్తుకునే సంఘం ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పకముందే ఎరుగుదురు. పురుషోత్తమ చౌదరి వంటివారు పందొమ్మిదో శతాబ్దంలో రాసిన కీర్తనలు ఇవాళ్టికీ తెలుగు క్రైస్తవ కుటుంబాల నోట ఉన్నాయంటే, తరతరాలుగా కలిసి పాడబట్టే.

ఇక డప్పు. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. చర్మంలోని తేమ ఆరి బిగుసుకుంటుంది, బిగువు పెరిగితే శబ్దం హెచ్చు స్థాయిలో ఖంగున పలుకుతుంది. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సన్నని సిటికెన పుల్ల. లయ వినపడగానే మెదడులో కదలికను నడిపే భాగాలు, మనం కదలకుండా కూర్చున్నా, చురుకవుతాయి. అందుకే పాడె మోసే నలుగురి అడుగూ ఆ దెబ్బకు పడుతుంది, దుఃఖంలో కాళ్లాడని మనిషి కూడా నడుస్తాడు. ఆ డప్పును చావుల దగ్గర కూలీ లేకుండా, కులం పేరుతో మాదిగలతో బలవంతంగా కొట్టించిన చరిత్ర మరవకూడనిది. అదే డప్పు తర్వాత దళిత ఆత్మగౌరవానికి, తెలంగాణ ఉద్యమానికి గొంతు అయింది. 2023 ఆగస్టులో ప్రజాగాయకుడు గద్దర్ పోయినప్పుడు కళాకారులు ఆయన్ను ఆటపాటలతో సాగనంపారు.

అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నల్లజాతివారి శవయాత్ర దీనికి ఇంకో రూపం. శ్మశానం దాకా బ్యాండు నెమ్మదిగా భక్తి గీతం వాయిస్తుంది. ఖననం అయ్యాక, పోయిన మనిషిని విడిచిపెట్టాక, అదే బ్యాండు హుషారైన పాట ఎత్తుకుంటుంది, వెనుక నడిచేవారు గొడుగులు ఊపుతూ ఆడతారు. ఏడవడానికి ఒక పాట, ఇంటికి తిరిగి వెళ్లడానికి ఇంకో పాట. దుఃఖానికి రెండు పాటలూ కావాలని ఆ ప్రజలు గుర్తించారు.

ఎవరి కోసం ఎంచుకోవాలి?

బ్రిటన్‌లో అంత్యక్రియలు జరిపించే కోఆప్ సంస్థ జనం ఏ పాటలు కోరుతున్నారో అప్పుడప్పుడు ప్రకటిస్తుంది. ఫ్రాంక్ సినాట్రా పాడిన 'మై వే' ఎన్నోసార్లు ఆ జాబితాలో పైన నిలిచింది. స్తోత్ర గీతాల పక్కన సినిమా పాటలు, ఫుట్‌బాల్ పాటలు కూడా ఉంటాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఫ్యూనరల్ హోమ్‌లో ఫొటోలు వరుసగా చూపిస్తూ వెనుక అమ్మకిష్టమైన పాట పెడుతున్నాయి. ఊళ్లో ఉన్న అక్కాచెల్లెళ్లు ఫోనులో అది చూస్తూ ఇక్కడ ఏడుస్తున్నారు.

అన్ని ఇళ్లకూ ఒకే పద్ధతి కుదరదు. ముస్లిం జనాజాలో సంగీతానికి చోటు లేదు, ప్రార్థనే వీడ్కోలు. కొన్ని ఇళ్లలో కర్మకాండ పూర్తయ్యేదాకా పాట వద్దంటారు. ఆ నియమాన్ని గౌరవించాలి. పాటకు వేరే వేళలున్నాయి: ముందు రాత్రి మంచం పక్కన, పెద్దకర్మ నాటి సాయంత్రం, సంవత్సరీకం నాడు, లేదా ఏ సందర్భమూ లేని ఒక ఆదివారం.

ఎంచుకునేటప్పుడు విషాద గీతం కోసం వెతకనక్కర్లేదు. ఇల్లంతా విషాదమే కదా. ఆ మనిషి కోరి విన్న పాట, నలుగురికీ వచ్చిన పాట, పాడుకోవడానికి వీలైన పాట అయితే మేలు. ఒక హెచ్చరిక: ఆ రోజు మోగిన పాటకు ఆ రోజు అంటుకుంటుంది, గీతకు అంటుకున్నట్టే. అందుకని మీరు రోజూ వినాలనుకునే వారి పాట ఒకటి ఆ రోజు వేయకుండా దాచుకోండి.

మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. పెద్దమ్మ ఆ కాగితం అన్నయ్యకు తిరిగి ఇచ్చి "వెయ్యరా. చీటీలో ఉన్న వరసలోనే వెయ్యి" అంది. టేప్‌రికార్డర్ ఎప్పుడో పాడైంది. అన్నయ్య ఫోనులో ఒక్కో పాటా వెతికి మైకుకు కలిపాడు. వాకిట్లో మాటలు ఆగాయి. మూడో పాట 'మాయాబజార్'లోది. పల్లవి అయ్యేసరికి పెదవులు కదిపింది పెద్దమ్మ కాదు, వద్దన్న బాబాయి. తొమ్మిదేళ్ల వయసులో తనను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆ సినిమాకు తీసుకెళ్లింది పెదనాన్నే. తిరిగి వస్తూ చీకట్లో భయం వేయకుండా ఉండాలని అన్నదమ్ములిద్దరూ దారంతా ఆ పాట పాడుకుంటూ వచ్చారట. చరణం దగ్గర బాబాయి గొంతు నిలవలేదు. మిగతావాళ్లం అందుకున్నాం. చీటీ అయ్యాక మళ్లీ భగవద్గీత పెట్టారు, పాడె లేచింది.

మాకు ఆ కాగితం దొరకడం అదృష్టం. రికార్డింగ్ షాపులు పోయాయి, క్యాసెట్ డబ్బాలు పోయాయి. ఇప్పుడు మన పాటలు ఫోనులో, తాళం వెనుక ఉన్నాయి. మనిషి పోయాక ఆ తాళం తీయగలిగేవారు ఉండరు. కాబట్టి ఈ పుస్తకం పక్కన పెట్టి ఇంట్లో పెద్దవారి దగ్గరికి వెళ్లండి. చావు మాట ఎత్తనక్కర్లేదు. "మీకు బాగా ఇష్టమైన పాట ఏది?" అని అడగండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: పాట, సినిమా, పాడినవారు, మొదటిసారి ఎవరితో ఉండగా విన్నారు. నాలుగో గడి తప్పకుండా నింపండి. అది వారికి తప్ప ఇంకెవరికీ తెలియదు.